చిట్టిని క్యాంప్‌కి పంపే ముందు ఇది చదువు

అమ్మడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి ఒకటే గోల. తొమ్మిదేళ్ల చిట్టిని విస్కాన్సిన్‌లో ఎక్కడో సరస్సు ఒడ్డున యూదుల వేసవి క్యాంప్‌లో రెండు వారాలు వదిలేస్తారట, చేతికి ఫోన్ కూడా ఇవ్వరట, నువ్వైనా దానికి చెప్పక్కా అని. పంపనీరా, ఏం కాదు అన్నాను. అలా అనేసి పెట్టేశాక తెల్లవార్లూ నాకే నిద్ర లేదు, ఆ సంగతి వాడికి చెప్పకు. నువ్వు ఇంత ధైర్యం చేస్తావనుకోలేదు, గర్వంగానే ఉంది. కానీ నా భయాలు నాకున్నాయి. వాట్సాప్‌లో పెడితే సగం చదివి ఒక బొటనవేలు బొమ్మ పడేస్తావు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను, కూర్చుని చదువు.

మతం గురించి చెప్పాల్సింది నేను కాదు, యూదు ఇంట్లో పెరిగిన అల్లుడున్నాడు. నాకు తెలిసింది వేరు. హాస్పిటల్‌లో నాతో పనిచేసే ఒక యూదు స్నేహితురాలు బలవంతం చేస్తే వేసవిలో వాళ్ల క్యాంప్‌కి నర్సుగా వెళ్లాను, ఆ తర్వాత మానలేకపోయాను. అక్కడ మా వైద్యం గదిని అందరూ మార్ప్ అనేవాళ్లు. అమ్మానాన్నలు పిల్లల్ని బస్సెక్కేటప్పుడు, దిగేటప్పుడు చూస్తారు. నడిరాత్రి, పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే కౌన్సెలర్ చెయ్యి పట్టుకుని కడుపునొప్పి అంటూ వచ్చిన పిల్లల్ని చూసింది మేమే.

సామాను విషయం క్యాంప్ వాళ్లు పంపిన లిస్టులోనే ఉంటుంది, అది చూసి సర్దు. ప్రతి బట్ట మీదా పేరు రాయి, సాక్సుల మీద కూడా. టీకాల కాగితాలు చివరి వారం దాకా ఆపకు. వేరుశనగ అలర్జీ ఇంజక్షన్ పెట్టెలో పెట్టకు, దిగగానే నర్సు చేతికివ్వాలి. మొదటి రోజు తలలో పేలు చూస్తారు, అవమానంగా అనుకోవద్దని చెప్పు, అందరికీ చూస్తారు. సాయంత్రం చెవుల వెనకా మోకాళ్ల వెనకా పిడుదులున్నాయేమో తడుముకోవడం ఇంట్లోనే నేర్పు. ఇంకోటి, అది చికెన్ తిన్నాక పెరుగన్నం లేనిదే లేవదు కదా, అక్కడ కుదరదు. యూదుల ఆహార నియమం అది, చాలా క్యాంపుల్లో మాంసం వడ్డించిన పూట పాలూ పెరుగూ బల్ల మీదకి రావు. ముందే చెప్పు, లేకపోతే మొదటి పూటే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. తెల్లబట్టలు రెండు జతలు పెట్టు. శుక్రవారం సాయంత్రం షబ్బాత్‌కి, అంటే వాళ్ల వారాంతపు విశ్రాంతి దినానికి, అందరూ తెల్లబట్టలు కట్టుకుంటారు, వాన పడితే ఒక జత బురదపాలు. ఫొటోలో పిల్లలందరూ తెలుపులో కనిపిస్తే మీ నాన్న ఏదో అశుభం అనుకుంటాడు, వాడికి కూడా చెప్పి పెట్టు.

ఇక నీళ్లు. నవ్వకు. కోనసీమలో కాలవ ఒడ్డున పెరిగినదాన్ని, నా ఈడు పిల్ల ఒకర్తి మా వీధి రేవులోనే బిందె ముంచుతూ జారిపోయింది. మీ నాన్న అప్పటికి పసివాడు, వాడికి గుర్తు లేదు, నాకు ఇప్పటికీ నీళ్ల దగ్గర పిల్లలు అరుస్తుంటే గుండె దడ. అందుకే క్యాంప్‌లో మొదటి ఏడు నాకు పనిలేనప్పుడల్లా వెళ్లి సరస్సు దగ్గర నిలబడేదాన్ని. అక్కడి పద్ధతి చూశాక కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. ముందు ఈత పరీక్ష పెట్టి ఎవరు ఎంత లోతుకి వెళ్లొచ్చో తేలుస్తారు. ప్రతి బిడ్డకీ ఒక జోడీ ఉంటుంది. విజిల్ వేయగానే ఎవరి జోడీ చెయ్యి వాళ్లు పట్టుకుని పైకెత్తాలి, లెక్క సరిపోయేదాకా ఎవరూ కదలకూడదు. పద్ధతి బాగానే ఉంది, చిక్కు పిల్లలతోనే. కొత్త స్నేహితురాళ్ల ముందు చిన్నబోకూడదని ఈత రాకపోయినా వచ్చంటారు. లోతు తక్కువ చోట ఉండటం సిగ్గు కాదని దానికి నువ్వు చెప్పు, అల్లుడి చేత కూడా చెప్పించు. ఇంకోటి, దానికి వచ్చింది స్విమ్మింగ్ పూల్ ఈత. సరస్సులో అడుగు కనపడదు, నాచు కాళ్లకి తగులుతుంది, ఆ తగిలేసరికి బాగా ఈదే పిల్లలు కూడా బెదిరిపోయి నీళ్లు మింగడం నేను చూశాను. జూన్‌లో ఒక ఆదివారం ఎక్కడైనా సరస్సుకి తీసుకెళ్లి కాళ్లకి నాచు తగలనీ. ఇది మాత్రం మర్చిపోయావా, నేనే విమానం ఎక్కి వస్తాను.

పిల్లని పంపమని ఎందుకన్నానో కూడా చెప్పాలి, మీ నాన్నకి అదే అర్థం కావడం లేదు. వేసవి సెలవుల్లో పిల్లల్ని వదిలించుకోవడం అనుకుంటున్నాడు. న్యూయార్క్‌లో సర్‌ప్రైజ్ లేక్ అని ఒక యూదు క్యాంప్ ఉంది, 1902లో పెట్టారు. లోయర్ ఈస్ట్ సైడ్‌లో గాలీ వెలుతురూ లేని ఇరుకు గదుల్లో బతికే వలస వాళ్ల పిల్లలకి కొన్నాళ్లు మంచి గాలి, కడుపునిండా తిండి పెట్టడానికి. తర్వాత ప్రముఖ హాస్యనటుడైన ఎడీ కాంటర్ చిన్నప్పుడు అక్కడికి వెళ్లినవాడే. అప్పటి అవసరం అది. తరవాత తరం వచ్చేసరికి తిండికి లోటు లేదు, పిల్లలు పూర్తిగా అమెరికన్లయిపోయారు, యూదుతనం ఆదివారం బడిలో గంట పాఠం అయిపోయింది. అక్కడ యూరప్‌లో చూస్తే వాళ్ల చదువుల ఊళ్లకి ఊళ్లే రెండో ప్రపంచ యుద్ధంలో తుడిచిపెట్టుకుపోతూ వచ్చాయి. ఇక మన పిల్లలకి ఎవరు నేర్పుతారు అన్న దిగులులోంచి ఈ కొత్త రకం క్యాంపులు వచ్చాయి. హీబ్రూలోనే మాట్లాడుకునే మస్సాద్ క్యాంప్ 1941లో, యూదుల్లో కన్సర్వేటివ్ అనే శాఖ వాళ్ల రామా క్యాంప్ 1947లో విస్కాన్సిన్‌లోని కానోవర్ దగ్గర, రిఫార్మ్ అనే శాఖ వాళ్ల మొదటి క్యాంప్ 1952లో అదే రాష్ట్రంలో ఓకానమవాక్‌లో. బడిలో చెప్పే పాఠం అక్కడ రోజు మొత్తం అవుతుంది. పొద్దున లేవడం, గది ఊడ్చుకోవడం, అన్నం తిన్నాక బల్ల మీద దరువేస్తూ ప్రార్థన పాడటం, పడుకునే ముందు పాట, ఎవరూ చదువు అనరు.

మన మనబడి పిల్లల్ని చూడు. వారాంతం క్లాసులో చక్కగా తెలుగు చదువుతారు, కారెక్కగానే ఇంగ్లీషు. తప్పు వాళ్లది కాదు, తెలుగులో పోట్లాడుకునే తోటి పిల్లలు వాళ్లకి లేరు. క్యాంప్ ఇచ్చేది అదే, పోట్లాడుకునేవాళ్లని. మిసిసిపీలో యూటికా అనే ఊళ్లో 1970లో ఒక క్యాంప్ మొదలుపెట్టారు. చిన్న చిన్న దక్షిణాది ఊళ్లలో, బడి మొత్తానికి తనొక్కడే యూదు అయిన పిల్లాడికి, అక్కడ ఎవరికీ ఏదీ వివరించక్కర్లేదు. హంగరీలో సార్వాష్ క్యాంప్ 1990లో తెరిచారు. కమ్యూనిస్టుల కాలంలో ఇళ్లలో పైకి చెప్పుకోకుండా దాచేసిన సంగతులు ఆ పిల్లలు అక్కడ ఆటల్లో నేర్చుకున్నారు. పెద్దవాళ్లకి తెలియనివి పిల్లలు ఇంటికి పట్టుకెళ్లారు. డెబీ ఫ్రీడ్‌మన్ అని ఒకావిడ ఇలాంటి క్యాంపుల్లో గిటార్ పట్టుకుని పాడిన బాణీలు ఇవాళ పెద్ద పెద్ద సినగాగుల్లో, అంటే వాళ్ల ప్రార్థనా మందిరాల్లో, పాడుతున్నారు. మీ పెళ్లిలో అల్లుడి స్నేహితులు భోజనాల దగ్గర బల్లలు బాదుతూ పాడితే మీ నాన్న కంగారుపడ్డాడు చూడు, వాళ్లంతా క్యాంప్‌లో ఒకే గదిలో పడుకున్న కుర్రాళ్లే. పదేళ్ల వయసులో కలిసినవాళ్లు.

నువ్వు పైకి అనకపోయినా నీ మనసులో ఉన్నది నాకు తెలుసు. తల్లి తెలుగుది, దీన్ని సగం మనిషిలా చూస్తారేమో అని. అన్ని శాఖలూ ఒకలా ఉండవు, నిజమే. సంప్రదాయం గట్టిగా పాటించేవాళ్లు తల్లి వైపే లెక్క చూస్తారు. రిఫార్మ్ వాళ్లు 1983లోనే, తండ్రి యూదు అయి పిల్లని అలా పెంచుతుంటే చాలు అని తీర్మానించారు. మీరు పంపేది వాళ్ల క్యాంప్‌కే కాబట్టి ఆ గొడవ లేదు. పిల్లలు అడుగుతారు, మీ అమ్మ ఎవరు అని. దానికి సమాధానం ఇంట్లో అలవాటు చెయ్యి, మా అమ్మది ఆంధ్రా, మేము ఉగాదీ చేసుకుంటాం పాసోవరూ చేసుకుంటాం అని మామూలుగా చెప్పేలా. నువ్వు దాన్ని రహస్యంలా దాచినట్టు కనపడితే అదీ దాచుకుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది చెప్పడానికే కూర్చున్నాను.

ఒక ఏడు షికాగో నుంచి ఒక పదేళ్ల పిల్ల వచ్చింది. తండ్రి డాక్టరు, మంచివాడు, పిల్లంటే ప్రాణం. బస్సెక్కించేటప్పుడు చెవిలో ఒక మాట చెప్పాడు: శుక్రవారం దాకా చూడు తల్లీ, నచ్చకపోతే ఒక్క ఫోన్ చేయించు, వచ్చి తీసుకుపోతాను. అంతే. ఇందులో తప్పేముంది అంటావు. ఆ పిల్ల పెట్టె విప్పలేదు. మిగతావాళ్లు అరల్లో బట్టలు సర్దుకుంటే ఇది పెట్టెలోంచే ఒక్కో జత తీసుకునేది. రోజూ మధ్యాహ్నం విశ్రాంతి వేళకి కడుపునొప్పి అని నా దగ్గరికి. జ్వరం లేదు, ఏమీ లేదు. నాలుగు బిస్కెట్లు పెట్టి కూర్చోబెడితే గోడ మీద క్యాలెండర్ వైపే చూపు. శుక్రవారానికి ఇంకెన్ని రోజులు అని అడిగేది. బెంగ అందరికీ ఉంటుంది అమ్మడూ, మిగతా పిల్లలూ మొదటి రెండు రాత్రులు ఏడ్చారు, కానీ వాళ్లకి వేరే దారి లేదు కాబట్టి పక్క మంచం పిల్లతో మాట కలిపారు. దీనికి దారి ఉంది. దాని మీదే కూర్చుంది.

గురువారం సాయంత్రం నాటిక వేశారు. కౌన్సెలర్ ఏం మాయ చేసిందో, ఈ పిల్ల ముసలమ్మ వేషం కట్టి కర్ర పట్టుకుని వణుకుతూ నడిస్తే హాలంతా పడి పడి నవ్వింది. ఆ రాత్రి మార్ప్‌కి రాలేదు. గట్టెక్కింది అనుకున్నాను. కానీ ముందు రోజే తండ్రికి ఫోన్ చేయించేసింది. డైరెక్టర్ ఆయనతో చాలాసేపు మాట్లాడాడు, ఆదివారం దాకా ఆగండి, ఇప్పుడిప్పుడే కలుస్తోంది అని. నేను మాటిచ్చాను, తప్పితే ఇంకెప్పుడూ నన్ను నమ్మదు అన్నాడాయన. శుక్రవారం సాయంత్రం అందరూ తెల్లబట్టల్లో పాడుకుంటూ సరస్సు వైపు వెళ్తుంటే ఇది పెట్టె పక్కన పెట్టుకుని మా మెట్ల మీద కూర్చుంది. ఉండాలనుందా తల్లీ అని అడిగాను. తల ఊపింది. మరి నాన్నకి చెప్పు అన్నాను. "అంత దూరం నుంచి వచ్చేస్తున్నాడు కదా" అంది. పదేళ్ల పిల్ల, తండ్రి మాట పోకూడదని కారెక్కింది. మరుసటి ఏడు తమ్ముడు వచ్చాడు కానీ ఆ పిల్ల రాలేదు.

ఆయన మంచి కోసమే చెప్పాడు. కానీ ఆ మాటలో పిల్లకి వినపడింది ఏమిటంటే, నువ్వు ఉండలేవని నాన్నకి ముందే తెలుసు అని. 2007లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం బెంగ గురించి ఒక పత్రం వేసింది, అందులోనూ ఈ తీసుకొచ్చేస్తాం ఒప్పందం వద్దనే రాశారు. అది చదవకముందే నాకు ఆ మెట్ల మీద తెలిసింది. అది అడుగుతుంది చూడు, నచ్చకపోతే ఎలా అమ్మా అని. అప్పుడు నువ్వు, బెంగ వస్తుంది, వచ్చినప్పుడు కౌన్సెలర్‌కి చెప్పు, నర్సు దగ్గరికి వెళ్లు, నాకు ఉత్తరం రాయి, రెండు వారాలయ్యాక నేనూ నాన్నా గేటు దగ్గర ఉంటాం అని చెప్పు. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పకు. నీ గొంతు వణికితే అల్లుడి చేత చెప్పించు, ఆయన ఆ మంచాల మీద పడుకున్నవాడు. ఈ లోపు ఒక శనాదివారం మీ నాన్న దగ్గర వదిలిరా, ఫోన్ లేకుండా. ఆ ఫోన్ లేకపోవడం దానికంటే మీ నాన్నకి ఎక్కువ కష్టం, అనుభవించనీ.

మొదటి ఉత్తరం ఏడుపుగా వస్తుంది. అది పోస్టులో చేరేసరికి పిల్ల దాన్ని రాసిన సంగతే మర్చిపోయి ఉంటుంది, కాబట్టి ఉత్తరం చూసి క్యాంప్‌కి ఫోన్ కొట్టకు. వాళ్లు వెబ్‌సైట్‌లో పెట్టే ఫొటోల్లో అది కనపడకపోయినా, మొహం ముడుచుకుని కనపడినా కొట్టకు. నిజంగా ఒంట్లో బాగోకపోతే వాళ్లే చేస్తారు, నేను ఎంతమంది తల్లులకి చేశానో. నువ్వు రాసేటప్పుడు కుక్క నీకోసం గుమ్మం దగ్గర పడుకుంటోంది లాంటివి రాయకు, మీ నాన్న అలాంటివే రాస్తాడు, వాడి ఉత్తరం నువ్వు చదివి పంపు. అది అక్కడున్నప్పుడు తిషా బావ్ అనే వాళ్ల సంతాప దినం వస్తే ఆ రాత్రి దీపాలు తగ్గించి నేల మీద కూర్చుని, ఎప్పుడో యెరూషలేములో కూలిపోయిన గుడి గురించి విలాపాలు చదువుతారు. ఎందుకో ముందే అల్లుడు చెప్పి పంపితే భయపడదు.

డబ్బు విషయం మొహమాటపడకు. మొదటిసారి వెళ్లే పిల్లలకి వన్ హ్యాపీ క్యాంపర్ అని గ్రాంటు ఉంది, దాని వెనక ఉన్నది ఫౌండేషన్ ఫర్ జ్యూయిష్ క్యాంప్. మీకు వర్తిస్తుందేమో అల్లుడిని ఇవాళే చూడమను. మిగిలినదాంట్లో నా వాటా నేను వేస్తాను, వద్దని నాటకాలాడకు. మీ నాన్నతో ఆదివారం నేనే మాట్లాడతాను, ఈ లోపు వాడు ఫోన్ చేస్తే సరస్సు మాట ఎత్తకు. క్యాంప్ అడ్రస్ పంపించు, పెద్ద అక్షరాల్లో తెలుగులో రాస్తాను దానికి, చదవలేకపోతే పక్క మంచం పిల్లకి చూపించుకుంటుంది.

మీ అత్త