బ్రూడింగ్ షెడ్డులో నోరు తెరుస్తున్న కోడిపిల్లలు

ప్రశ్న: ఐదు వేల బ్రాయిలర్ పిల్లలు దించాం. ఇవాళ్టికి ఆరో రోజు. చలికి భయపడి పరదాలు పూర్తిగా మూసేసి బొగ్గుల కుంపట్లు పెడుతున్నాం. తెల్లవారుజామున చాలా పిల్లలు మెడ చాచి, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నాయి. పొద్దెక్కి పరదాలు తీస్తే గంటలో మామూలవుతున్నాయి. కార్బన్ డయాక్సైడ్ పెరిగి గాలిగొట్టాలు బిగుసుకున్నాయని, వదులయ్యేందుకు టానిక్ వాడమని మందుల షాపులో చెప్పారు. వాడమంటారా?
– ఒక రైతు, షాద్‌నగర్

జవాబు: టానిక్ డబ్బులు మిగుల్చుకోండి. పరదా తీస్తే గంటలో తేరుకుంటున్నాయని మీరే రాశారు. జబ్బయితే అంత తొందరగా తగ్గదు.

గాలిగొట్టాల సంగతి మీకు సగమే చెప్పారు. వాటి గోడల్లోని కండరం కార్బన్ డయాక్సైడ్ తగ్గితే బిగుస్తుంది, పెరిగితే సడలుతుంది. 1961లో కుక్కల్లో ఒక ఊపిరితిత్తికి రక్తం తెచ్చే నాళాన్ని మూసి చూశారు. రక్తం రాకపోతే ఆ వాయువూ రాదు కదా, ఆ వైపు గాలిగొట్టాలు బిగుసుకుని గాలి రెండో వైపుకు మళ్లింది. పీల్చే గాలిలో కార్బన్ డయాక్సైడ్ కలిపితే బిగువు వదిలింది. బాతుల్లోనూ ఇదే తీరు. కాకపోతే రక్తంలో అది మరీ పెరిగితే మెదడు నరాల ద్వారా శ్వాసనాళాన్ని కొంత బిగిస్తుంది. షాపాయన విన్నది ఈ ముక్కే అయ్యుంటుంది. మీ పిల్లలు మాత్రం లోపల పేరుకున్న వాయువును బయటికి తోసేయడానికే ఆయాసపడుతున్నాయి.

బయటి గాలిలో 400 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 400 పాళ్లు) పైచిలుకు ఉండే కార్బన్ డయాక్సైడ్ షెడ్డులో 3000 దాటకూడదు. కానీ నాకు అసలు భయం కుంపటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసన ఉండదు, పొగ పోయినంత మాత్రాన అది పోదు. చనిపోయిన పిల్లను కోస్తే రక్తం చెర్రీపండులా ఎర్రగా మెరుస్తుంటే దాన్నే అనుమానించాలి. పనివాళ్లెవరైనా షెడ్డులో పడుకుంటుంటే ఈ రాత్రే మాన్పించండి.

పరదా పైఅంచును జానెడు కిందికి దించి కట్టండి. చెడు వేడిగాలి పైనుంచి పోతుంది, పిల్లలకు చలిగాలి నేరుగా తగలదు. బొగ్గు బయటే బాగా రాజుకున్నాక లోపలికి తేవాలి. ఒకసారి గొంతుక్కూర్చుని పిల్లల ఎత్తులో ఊపిరి పీల్చి చూడండి. కళ్లు మండితే అమ్మోనియా కూడా ఉన్నట్టే, తడిసిన పొట్టు తీసేసి పొడిది వేయండి. థర్మామీటరూ ఆ ఎత్తులోనే ఉండాలి, మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్ చాలు. పిల్లలు కుంపటికి దూరంగా జరిగి నోరు తెరుస్తుంటే అది వేడి ఎక్కువై.

ఇవన్నీ చేశాక కూడా గొంతులో గురగుర వినిపిస్తూ, ముక్కు కారుతుంటే నీరసపడ్డ రెండు మూడు పిల్లల్ని దగ్గర్లోని పశువ్యాధి నిర్ధారణ కేంద్రానికి తీసుకెళ్లండి.