సూర్యుడి వాటా పోగా మీ వాటా ఎంత?

ప్రశ్న: నేను నల్లగొండలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. రెండేళ్లుగా ఫోన్‌తోనూ, మా మేనమామ ఇచ్చిన పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాతోనూ పానగల్లు ఉదయసముద్రం దగ్గర, మా ఊరి తాటివనంలో సూర్యాస్తమయాలు, పక్షుల ఫొటోలు తీస్తున్నాను. ఇంట్లోవాళ్లు, స్నేహితులు చాలా బాగున్నాయంటారు. ఇటీవల మా కళాశాలలో పెట్టిన ప్రదర్శనకు వచ్చిన ఒక అనుభవజ్ఞుడు మాత్రం నా ఫొటోల ముందు నిమిషంపాటు నిలబడి, “ఇలాంటివి అందరూ తీస్తారు” అని వెళ్లిపోయారు. అప్పటి నుంచి కెమెరా పట్టబుద్ధి కావడం లేదు. ఫొటోగ్రఫీని వృత్తిగా తీసుకోవాలన్న ఆలోచన మానుకోవాలా? జూనియర్లు తమ ఫొటోలు తెచ్చి అభిప్రాయం అడిగితే ఏం చెప్పాలో కూడా తెలియడం లేదు. ప్రదర్శనలో పెట్టిన నా ఆరు ఫొటోలు, ఒక జూనియర్ తీసిన పిట్టగూడు ఫొటో పంపుతున్నాను.

జవాబు: ముందుగా ఒక మాట స్పష్టంగా చెబుతాను. ఆ పెద్దమనిషి అన్న ఒక్క వాక్యాన్ని పట్టుకుని ఫొటోగ్రఫీ మానుకోవద్దు. ఇంట్లోవాళ్లు రెండేళ్లుగా అంటున్న “చాలా బాగుంది”ని పట్టుకుని దాన్ని వృత్తిగా ఎంచుకోనూ వద్దు. ఈ రెండు మాటల్లో ఒకటి మిమ్మల్ని నొప్పించింది, ఒకటి సంతోషపెట్టింది, అంతే తేడా. రేపు సాయంత్రం చెరువు కట్ట మీద నిలబడినప్పుడు మీరు భిన్నంగా ఏం చేయాలో రెండూ చెప్పలేదు కాబట్టి, నా దృష్టిలో ఈ రెండూ విమర్శ కిందికి రావు.

అయితే ఆయన మాటలో ఒక నిజం ఉంది, దాన్ని మీకు విడమరచి చెప్పే ఓపిక ఆయనకు లేకపోయింది. పొద్దుగూకే వేళ సూర్యకాంతి వాతావరణంలో చాలా ఎక్కువ దూరం ప్రయాణించి మన కంటికి చేరుతుంది. ఆ దారిలో నీలికాంతి ఎక్కువగా చెదిరిపోయి ఎరుపు, నారింజ రంగులు మిగులుతాయి. ఆ రంగులు మీకు ఎంత దొరుకుతాయో, అదే సాయంత్రం దేవరకొండలో మేడ మీద నిలబడిన మనిషికీ అంతే దొరుకుతాయి. మీ ఫొటో చూసి “అబ్బ” అన్నవారిలో చాలామంది మెచ్చుకున్నది ఆకాశాన్ని. సూర్యుడి వాటా పక్కన పెట్టాక ఆ చిత్రంలో మీరు చేసిన పని ఎంత మిగిలిందన్నదే అసలు ప్రశ్న. ఎక్కడ నిలబడ్డారు, ఏ క్షణం కోసం ఆగారు, దేన్ని చట్రం బయట వదిలేశారు, ఎంత వెలుగును లోపలికి రానిచ్చారు అన్నవి మీ వాటా. ప్రకృతి ఫొటోలపై విమర్శ చేసేవారైనా, స్వీకరించేవారైనా చూడవలసింది ఈ వాటానే.

మీ ఆరు ఫొటోలను ఆ దృష్టితోనే చూశాను. మొదటి నాలుగింటిలో రంగుల గాఢతను ఫోన్‌లో బాగా పెంచారు. దానివల్ల ఎరుపంతా ఒకే ముద్దగా మారి, మబ్బుల పొరల మధ్య ఉండే సన్నని తేడాలు చెరిగిపోయాయి. సూర్యబింబం ఉండవలసిన చోట తెల్లని రంధ్రం మిగిలింది. రెండో ఫొటోలో నీటి అంచు ఎడమవైపు వాలింది, చెరువులో నీళ్లు అటు ఒలికిపోతున్నట్టు కనిపిస్తోంది. మూడోదానిలో రెండు తాటిచెట్ల తలలు ఒకదాని మీద ఒకటి పడి, నల్లని ఆకారాల్లో ఏది ఏ చెట్టో తెలియకుండా పోయింది. మీరు రెండడుగులు కుడివైపు జరిగి ఉంటే రెండు చెట్లూ విడివిడిగా నిలబడేవి. నాలుగోదానిలో సూర్యుడు చుక్కలా మిగిలాడు. సూర్యుడు ఆకాశంలో ఆక్రమించేది దాదాపు అర డిగ్రీ మాత్రమే. మీ కెమెరాలో లెన్సు ఫోకల్ లెంగ్త్ 18 ఎంఎం దగ్గర ఉంటే సెన్సర్ (వెలుగును చిత్రంగా నమోదు చేసే పలక) మీద పడే బింబం మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండదు, 200 ఎంఎం దగ్గర దాదాపు 2 మిల్లీమీటర్లు ఉంటుంది. పెద్ద బింబం కావాలంటే పొడవైన లెన్సు కావాలి, చెట్టు కూడా చట్రంలో పట్టాలంటే తాటిచెట్టుకు దూరంగా వెళ్లి నిలబడాలి. ఫోన్ తెర మీద వేళ్లతో పెద్దది చేస్తే చాలాసార్లు చిత్రం నాణ్యతే తగ్గుతుంది.

ఐదో ఫొటో దగ్గర చాలాసేపు ఆగిపోయాను. సూర్యుడు అప్పటికే మునిగిపోయాడు, ఆకాశంలో ఊదారంగు మిగిలింది, మోకు కట్టుకుని తాటిచెట్టు మీదున్న గీత కార్మికుడు వెనక్కి వాలి గొలను (కల్లు కారే పూగుత్తిని) విప్పుతున్న క్షణం అది. అందరూ కెమెరాలు సర్దుకుని వెళ్లిపోయే సమయంలో మీరు ఇరవై నిమిషాలు ఆగారు కాబట్టి ఈ చిత్రం వచ్చింది. దీన్ని అందరూ తీయరు. ప్రదర్శనలో దీన్ని మిగతా ఐదింటితో కలిపి పెట్టడం మీరు చేసిన పొరపాటు. వచ్చినాయన చూసింది బహుశా మొదటి నాలుగే అయి ఉంటుంది. ఆరోదాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అది రెండోదానికి మరో రూపం.

నేను డిగ్రీ చదివే రోజుల్లో, ఫిల్మ్ కాలంలో, మా ఊళ్లోని ఒక స్టూడియో యజమాని దగ్గరికి నా ప్రింట్లు తీసుకెళ్లేవాణ్ణి. ఆయన బాగుందనీ బాగాలేదనీ అనేవారు కాదు. ‘ఎల్’ అక్షరం ఆకారంలో కత్తిరించిన రెండు అట్టముక్కలను ప్రింటు మీద పెట్టి, అటూ ఇటూ జరుపుతూ, “ఇక్కడిదాకా చూస్తే ఏమనిపిస్తుంది?” అని నన్నే అడిగేవారు. నేను తీసినదానిలో సగం అనవసరమని నా నోటితోనే చెప్పించిన ఆ పద్ధతి నాకు ఈనాటికీ గుర్తుంది. మీరు కూడా ఫొటోలను ఫోన్‌లో చూపించడం మాని, కనీసం పోస్టుకార్డు పరిమాణంలో ప్రింట్లు తీయించి బల్ల మీద పెట్టి అభిప్రాయం అడగండి. అడిగేటప్పుడు “ఎలా ఉంది?” అనకండి, ఎందుకంటే ఆ ప్రశ్నకు మర్యాదస్తులు ఇచ్చే జవాబు ఒక్కటే. మీ చూపు మొదట ఎక్కడ పడింది, తరువాత ఎటు వెళ్లింది, ఏది అడ్డొచ్చింది అని అడగండి. వాళ్లు చెబుతున్నంతసేపు మీరు వివరణ ఇవ్వకండి. ఆ రోజు గాలి ఎక్కువగా ఉందనీ, లెన్సు పాతదనీ మీరు చెప్పడం మొదలుపెడితే వాళ్లు చెప్పడం ఆపేస్తారు. కాగితం మీద రాసుకుని, రెండు రోజులయ్యాక మళ్లీ చదవండి. ముగ్గురు వేర్వేరు మనుషులు ఒకే చోట వేలు పెడితే అక్కడ లోపం ఉన్నట్టే. ఒక్కరే అంటే అది వాళ్ల అభిరుచి కావచ్చు.

ఎవరిని అడగాలన్నదీ ముఖ్యమే. ఫొటోగ్రఫీ తెలిసినవారితో పాటు, ఐదో ఫొటోను ఆ గీత కార్మికుడికీ తప్పకుండా చూపించండి. మోకు ఎలా పడింది, చెయ్యి ఎక్కడుంది, ఏ క్షణంలో పని నిజంగా కనిపిస్తుంది అన్నది ఆయన చెప్పగలిగినట్టు ఏ న్యాయనిర్ణేతా చెప్పలేడు.

ఇక వృత్తి సంగతి. విమర్శ తట్టుకోవడం ఈ రంగంలో అదనపు అర్హత కాదు, రోజువారీ పనిలో భాగం. పత్రికలో ఎడిటరు, పెళ్లి ఇంట్లో పెళ్లికూతురి తండ్రి, ప్రకటన తీయించుకున్న వ్యాపారి, ప్రతి ఒక్కరూ మీ పనిని మీ ముఖం మీదే తిప్పికొడతారు. కేవలం సూర్యాస్తమయాలు అమ్మి ఇల్లు గడపడం చాలా కష్టమని మీకు చెప్పకపోతే నేను నా పని చేయనట్టే. ఈ రంగంలో చాలామంది పెళ్లిళ్లు, వస్తువుల చిత్రీకరణ వంటి పనులతో జీవనం సాగిస్తూ, ప్రకృతిని తమ సొంత సమయంలో తీసుకుంటారు. రాజా దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖ ఉద్యోగం చేస్తూ, 1874 ప్రాంతంలో ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. ఆ తరువాతే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. మహబూబ్‌నగర్‌కు ఆ నిజాం పేరే పెట్టారు. ఉద్యోగం చేస్తూ చేతిని సానపెట్టుకోవడం తక్కువ దారేమీ కాదు.

మీరు బీఎస్సీ పూర్తి చేయండి. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీలో నాలుగేళ్ల బీఎఫ్‌ఏ (లలిత కళల డిగ్రీ) ఉంది, దానికి ఇంటర్ అర్హతతో ప్రవేశ పరీక్ష రాయాలి. రెండేళ్ల చదువు పక్కన పెట్టి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టడం మీ ఇంటి పరిస్థితిని బట్టి ఆలోచించవలసిన విషయం. డిగ్రీ తరువాత నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ గాంధీనగర్ ప్రాంగణంలో ఫొటోగ్రఫీ డిజైన్‌లో ఎం.డెస్. (డిజైన్ పీజీ) చదివే దారీ ఉంది, దాని ప్రవేశ ప్రక్రియ గట్టిది. ఈలోగా ఒక పని పెట్టుకోండి. మన అక్షాంశం దగ్గర సూర్యుడు జూన్ చివర పడమటి దిక్కుకు ఉత్తరంగా సుమారు 25 డిగ్రీల దగ్గర, డిసెంబరు చివర దక్షిణంగా అంతే దూరంలో అస్తమిస్తాడు. ఒకే చోటును ఎంచుకుని ఏడాది పొడవునా, నెలకు రెండుసార్లు, అక్కడి నుంచే తీయండి. సూర్యుడు చెట్టు వెనుక నుంచి చెట్టు వెనుకకు జరుగుతుంటాడు, నీళ్లు తగ్గుతాయి, పెరుగుతాయి. ఏడాది చివర అందులోంచి పన్నెండు ఫొటోలు మాత్రమే ఉంచగలిగితే, ఈ వృత్తికి కావలసిన ఓపిక, ఏరుకునే చూపు మీకు ఉన్నాయో లేవో నన్ను అడగనవసరం లేకుండానే తెలుస్తుంది.

చివరగా జూనియర్ల విషయం. మీకు జరిగినది మీరు వాళ్లకు చేయకండి. చిత్రంలో మీకు ఏం కనిపించిందో ముందు చెప్పి, తరువాత ఒకటి లేదా రెండు లోపాలు మాత్రమే, సరిదిద్దుకునే దారితో సహా చెప్పండి. పది లోపాలు ఒకేసారి చెబితే మొదటిసారి కెమెరా పట్టిన పిల్లవాడికి ఒక్కటీ మిగలదు. కానీ మీరు పంపిన, మీ జూనియర్ తీసిన బుల్‌బుల్ పిట్ట గూడు ఫొటో విషయంలో మాత్రం మెత్తగా మాట్లాడకండి. గూడు చుట్టూ కొమ్మలు తాజాగా కత్తిరించిన గుర్తులు ఫొటోలోనే కనిపిస్తున్నాయి. ఆ ఆకుల చాటు పోతే పిల్లలు ఎండకు మాడిపోతాయి, లేదా కాకుల పాలవుతాయి. వెలుగు, కూర్పు ఎంత బాగున్నా ఆ ఫొటోను ప్రదర్శనలో పెట్టవద్దని అతడికి చెప్పండి, కారణం కూడా చెప్పండి. నలుగురి ముందు కాకుండా అతణ్ణి ఒక్కణ్ణే పక్కకు పిలిచి, గూట్లో పిల్లలు ఇంకా ఉండగానే, అంటే ఈ రోజే చెప్పండి. తెల్లవారితే అతడు మళ్లీ అక్కడికే వెళ్లవచ్చు.