చెరువు బురద నత్రజనిని ఎలా తీసేస్తుంది: కొల్లేరు అంచున నేను చూసింది

మురుగు, ఎరువుల నీరు చేరే చెరువులో నత్రజనిని అడుగు బురదలోని సూక్ష్మజీవులే తీసేస్తాయన్నది నిజమా, అలాగైతే గుర్రపు డెక్క కమ్మేసిన మా ఊరి చెరువులో అమ్మోనియా ఎందుకు తగ్గడం లేదు అని అడిగారు. నిజమే, కానీ ఆ పని బురద అంతటా ఒకేలా జరగదు. చాలావరకు పైనున్న కొద్ది పొరలోనే జరిగిపోతుంది.

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం కొల్లేరు అంచున, ఆటపాక వైపు, బురద నమూనాలు తీశాను. మోకాలి లోతు నీటిలో నిలబడి గాజులాంటి ప్లాస్టిక్ గొట్టాన్ని బురదలోకి దింపి, పైన రబ్బరు బిరడా బిగించి మెల్లగా లాగేవాళ్లం. పక్కనుంచి చూస్తే పైన గోధుమ రంగులో కొన్ని మిల్లీమీటర్ల పొర. దాని కిందంతా నలుపు, కుళ్లిన గుడ్డు వాసన. ఆక్సిజన్ దిగేది ఆ గోధుమ పొర వరకే. నీటిలో అది గాలిలోకంటే దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా పాకుతుంది, అందిన కాస్తా అక్కడి జీవులే వాడేసుకుంటాయి.

ఆకులు, రెట్టలు, చేపల మేత కుళ్లితే నత్రజని ముందుగా అమ్మోనియాగా బయటపడుతుంది. గోధుమ పొరలో నైట్రోసోమోనాస్ వంటివి దాన్ని నైట్రైట్‌గా, నైట్రోస్పైరా వంటివి నైట్రేట్‌గా మారుస్తాయి. ఆక్సిజన్ లేనిదే ఇవి పనిచేయవు. ఆ నైట్రేట్ నల్ల బురదలోకి దిగాక, అక్కడి బ్యాక్టీరియా ఆక్సిజన్‌కు బదులు నైట్రేట్‌తో శ్వాసిస్తాయి. చివరకు అది నత్రజని వాయువై, గాలిలో 78 శాతం ఉన్న దానిలోనే కలిసిపోతుంది. చెరువు నుంచి నత్రజని నిజంగా పోవడమంటే ఇదే. మొక్కలు పీల్చుకున్నది, కోసి గట్టు మీద వేయకపోతే, కుళ్లి మళ్లీ నీళ్లలోకే వస్తుంది.

నాకు ఇది పుస్తకం కంటే సీసాలతో బాగా అర్థమైంది. ఒకే బురదను చాలా సీసాల్లో నింపి, సగం వాటిలో నైట్రేట్ నీరు, మిగతా వాటిలో అమ్మోనియం (నీటిలో అమ్మోనియా ఎక్కువగా ఉండే రూపం) నీరు పోసి, గాలి బుడగ లేకుండా మూతలు బిగించి చీకట్లో పెట్టాను. రోజుకొక జత విప్పి పరీక్షించాను. నైట్రేట్ సీసాల్లో, పరీక్షలో నైట్రేట్ ఉందని చూపే గులాబీ రంగు రోజురోజుకూ వెలిసి, అయిదో రోజుకు కనబడీ కనబడనట్టయింది. అమ్మోనియం మాత్రం తగ్గలేదు సరికదా, కాస్త పెరిగింది. ఆక్సిజన్ లేక మొదటి మెట్టే ఎక్కలేదు. మీ చెరువులో జరుగుతున్నది ఇదేనని నా అనుమానం: డెక్క గాలినీ వెలుతురునూ అడ్డుకుంటోంది, రాలిన ఆకులు అడుగున మిగిలిన ఆక్సిజన్‌నూ తినేస్తున్నాయి.

వరి మడిలోనూ ఇదే తంతు, కానీ అక్కడ అది రైతుకు నష్టం. పైన చల్లిన యూరియాలో కొంత ఈ దారినే గాలిలో కలిసిపోతుంది. గుళికలను బురద లోపలికి నొక్కమని చెప్పేది అందుకే.

అన్ని వేళలా ఇంత శుభంగా ముగియదు. కుళ్లు పదార్థం మరీ ఎక్కువై నైట్రేట్ తక్కువైతే, కొన్ని బ్యాక్టీరియా దాన్ని తిరిగి అమ్మోనియంగా మార్చేస్తాయి. నైట్రేట్ నత్రజని వాయువయ్యే దారి మధ్యలో ఆగితే నైట్రస్ ఆక్సైడ్ వెలువడుతుంది, బరువుకు బరువు చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు వేడెక్కించే వాయువది.

పూడిక మొత్తం తవ్వేద్దామని ఎవరైనా అంటే, ముందు గట్టున ఒక కిక్కిస దుబ్బును వేళ్లతో పెకలించి చూడండి. నల్ల బురదలోంచి వచ్చిన వేళ్ల మీద తుప్పు రంగు పూత కనిపిస్తుంది. బోలు కాండం గుండా దిగిన ఆక్సిజన్ వేళ్లలోంచి కారి, బురదలోని ఇనుమును తుప్పు పట్టించింది. అంటే ప్రతి వేరు చుట్టూ ఒక చిన్న గోధుమ పొర ఉంది. అందుకే కిక్కిసను, జమ్మును అంచున ఉంచండి. డెక్కను విడతలుగా తీసి దూరంగా వేయండి. తెల్లవారుజామున అడుగు నీటిలో ఆక్సిజన్ కొలిపించండి, ఆ వేళే అది అన్నిటికంటే తక్కువగా ఉంటుంది.