అమెరికాలో డ్రూయిడ్ మతం మొదలుపెట్టింది కాలేజీ పిల్లలేనట కదా, దాన్ని మతం అనొచ్చా?

ప్రశ్నలో "సరదాకి మొదలుపెట్టారని చదివాను" అని కూడా రాశారు. సరదాకి కాదండీ, ఒళ్ళు మండి మొదలుపెట్టారు. డ్రూయిడ్లంటే పూర్వం బ్రిటన్, ఫ్రాన్స్ వైపు ఉండిన కెల్ట్ జాతుల పూజారులు, వీళ్ళు ఆ పేరు పెట్టుకున్నారు. ఇక మతం అనొచ్చా అంటే, నిక్షేపంగా అనొచ్చు. వాళ్ళ పూజకి నేను వెళ్ళి చూశాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

నేనుండేది మిన్నెసోటాలో, మినియాపోలిస్‌కి దక్షిణాన. ఈ కథ పుట్టిన నార్త్‌ఫీల్డ్ మాకు దగ్గరే. 'ఆవులు, కాలేజీలు, సంతృప్తి' అని బోర్డు మీద రాసుకునే ఊరది. 1876లో జెస్సీ జేమ్స్ ముఠా బ్యాంకు దోచుకుందామని వచ్చి ఇక్కడే చావుదెబ్బ తింది. ఆ గెలుపుని ఊరివాళ్ళు ఇప్పటికీ ఏటా సెప్టెంబరులో ఉత్సవం చేసుకుంటారు. ఆ ఊళ్ళో కార్ల్‌టన్ అనే కాలేజీ ఉంది. 1960ల మొదట్లో అక్కడి విద్యార్థులు ప్రార్థనలకి హాజరై తీరాలి. చాపెల్‌కి, అంటే కాలేజీ ప్రార్థనా మందిరానికి వెళ్తావో, ఇంకేదైనా మత సభకి వెళ్తావో నీ ఇష్టం, కానీ వెళ్ళినట్టు లెక్క చూపించాలి.

1963 వసంతంలో డేవిడ్ ఫిషర్, హోవర్డ్ చెర్నియాక్, నార్మన్ నెల్సన్ అనే కుర్రాళ్ళూ వాళ్ళ స్నేహితులూ కలిసి, 'ఏదో ఒక మతం ఉండాలంటున్నారు కదా, అయితే మేం డ్రూయిడ్లం' అన్నారు. పెట్టుకున్న పేరు రిఫార్మ్‌డ్ డ్రూయిడ్స్ ఆఫ్ నార్త్ అమెరికా. కాలేజీ పక్క గుట్ట మీద రాళ్ళు పేర్చి వేదిక కడితే, గిట్టనివాళ్ళు వచ్చి కూలగొట్టేవారు. వీళ్ళు మళ్ళీ కట్టేవారు. జంతుబలి లేదు, చెట్టు కొమ్మ ఒకటి అర్పిస్తే చాలు. తీర్థం మాత్రం నీళ్ళు కలిపిన విస్కీ! నవంబరు నుంచి మే దాకా భూమి నిద్రపోయే కాలం కాబట్టి అప్పుడు మంచినీళ్ళే. సిద్ధాంతాలు రెండు. వాటిని కుదించి వాళ్ళే జోకు చేసుకున్నారు: ఒకటి, ప్రకృతి మంచిది. రెండోది కూడా, ప్రకృతి మంచిది.

ఇక్కడ కాస్త నా గోడు వినాలి. ఇంటర్మీడియెట్‌లో గుంటూరు వైపు ఒక హాస్టల్లో ఉండేవాణ్ణి. తెల్లారకముందే లేపి, వార్డెన్ కర్ర పట్టుకుని వెనక తిరుగుతుంటే, వరసగా నిలబడి శ్లోకాలు చెప్పాలి. నిలబడి నిద్రపోవడం అక్కడే నేర్చుకున్నాను. ఆ శ్లోకాలు ఇప్పటికీ నోటికొచ్చు, కానీ వాటితో పాటు ఆవలింత కూడా వస్తుంది. ఇప్పుడు మనవైపు కార్పొరేట్ కాలేజీలు దాన్ని 'విలువల విద్య' అని బ్రోచర్లో వేసి ఫీజులో కలుపుతున్నాయట. ఆ కార్ల్‌టన్ కుర్రాళ్ళకొచ్చిన ఆలోచన మాలో ఒక్కడికి రాలేదే అని ఇప్పటికీ బాధే. అయినా మా వార్డెన్‌కి డ్రూయిడ్లమని చెబితే వీపు విమానం మోత మోగేది.

సరే, అసలు సంగతికి వద్దాం. 1964లో కాలేజీ ఆ నిబంధన ఎత్తేసింది. గెలిచారు, గొడవ తీరింది, ఇక ఎవరి దారి వారిది కావాలి. అలా జరగలేదు. కొందరు అదే గుట్ట మీదకి వస్తూనే ఉన్నారు. ఎందుకొస్తున్నారో వాళ్ళకే పూర్తిగా తెలిసినట్టు లేదు. చెట్ల కింద నిలబడి నాలుగు మాటలు చెప్పుకోవడం బాగుంది, అంతే. నా దృష్టిలో అది మతమైన రోజు 1963లో లేదు, ఆ రూలు పోయిన మరుసటి వారంలో ఉంది. రాకపోయినా అడిగేవాడు లేనప్పుడు కూడా వచ్చేవాళ్ళుంటే అది మతం. హాజరు వేస్తేనే వస్తారంటే అది డ్రిల్లు క్లాసు.

చదువులైపోయి వెళ్ళినవాళ్ళు దాన్ని తమతో మోసుకెళ్ళారు. అలా రాబర్ట్ లార్సన్ అనే ఆయన ద్వారా కాలిఫోర్నియాలోని బర్క్‌లీకి చేరి, అక్కడ ఐజాక్ బోనెవిట్స్ అనే వింత మనిషికి తగిలింది. ఆయన 1970లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి మంత్రవిద్యలో బీయే పట్టా పుచ్చుకున్నాడు. నిజంగానే, పట్టా మీద అదే రాసి ఉంటుంది. అక్కడినుంచి చీలికలు మొదలయ్యాయి. 1970ల మధ్యలో మా మినియాపోలిస్ వైపే కొన్నాళ్ళుండి, 'చీలిక డ్రూయిడ్లు' అని పేరులోనే చెప్పుకుంటూ ఒక శాఖ పెట్టాడు. సెయింట్ లూయిస్‌లో కొందరు యూదులు 'హసీదిక్ డ్రూయిడ్లు' అని ఇంకోటి పెట్టారు (హసీదిక్ అనేది యూదుల్లో ఒక భక్తి శాఖ పేరు). తానా, ఆటా, నాటా, నాట్స్ అంటూ ఇక్కడి తెలుగు సంఘాలన్నీ చూసిన మనకి ఇందులో ఆశ్చర్యం ఏముంది?

బోనెవిట్స్ 1983లో పెట్టిన సంస్థ ఇప్పటికీ నిలిచింది. పేరు ఐరిష్‌లో ఉంటుంది, ఆర్న్ రీఅఖ్ట్ ఫేన్, పొట్టిగా ఏడీఎఫ్. వేళాకోళం తగ్గించి పని పెంచాడు. పూజారులకి శిక్షణ ఉండాలన్నాడు, ఊహలు కాకుండా చరిత్ర, పురావస్తు పరిశోధన చదవాలన్నాడు. పనులు నెమ్మదిగా సాగుతాయని ముందే ఒప్పుకుని 'పరుగెత్తే ఓక్ చెట్టంత వేగంగా' అనేది నినాదంలా వాడుకున్నారు. వీటన్నిటికంటే తెలివైన పని ఇంకోటి చేశాడు. వాళ్ళు గ్రోవ్ అనే ప్రతి స్థానిక బృందం ఏడాదిలో ఎనిమిది పండుగలూ అందరూ రాగలిగేలా, బహిరంగంగా చేయాలని నియమం పెట్టాడు. రహస్య దీక్షలు, తలుపులేసుకుని చేసే తంతులు ఉన్న బృందాలు అప్పటికే బోలెడు. తలుపు తీసి పెట్టినవాళ్ళు పెరిగారు. ఇది కాకతాళీయం అంటే నేను ఒప్పుకోను.

ఆ తలుపులోంచే మేమూ వెళ్ళాం. మా ఆఫీసులో టెస్టింగ్ చూసే ఒకావిడ బెల్టేన్ పండుగకి పిలిచింది. మే నెల మొదట్లో వస్తుందది, వేసవికి స్వాగతం. మిన్నెసోటాలో మే మొదట్లో వేసవి ఎక్కడ ఏడ్చింది, చలి, పైగా జల్లు. మా ఆవిడ ముందు భయపడింది. "ఏవండీ, చేతబడి లాంటిదేమీ కాదు కదా?" అని. అప్పుడు తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉన్న మా అత్తగారు మాత్రం, "పూజంటున్నారుగా, పదండి బాబూ, ఈ ఇంట్లో కూర్చుని కిటికీలోంచి ఉడతల్ని ఎంతకని చూస్తాను" అని చీర మీద కోటు, కాళ్ళకి మా వాడి బూట్లు వేసుకుని బయల్దేరింది.

ఒక పార్కులో చెట్ల మధ్య గుండ్రంగా నిలబడ్డారు. మధ్యలో నిప్పు, పక్కనే బావికి గుర్తుగా నీళ్ళ గిన్నె, ఎదురుగా ఒక చెట్టు. పూజ చేయించేది తెల్లంగీ వేసుకున్న ఒక పెద్దావిడ, మామూలు రోజుల్లో స్కూలు బస్సు నడుపుతుందట. "ఆడమనిషా పూజారి? బాగుందే" అంది మా అత్తగారు, అందరికీ వినపడేలా. తెలుగు కాబట్టి బతికిపోయాం.

మొదలుపెట్టబోతే తడికి కట్టెలు అంటుకోవట్లేదు. ఒకాయన అగ్గిపుల్లలు గీస్తున్నాడు, ఇంకొకాయన ఫోన్‌లో ఏదో వెతుకుతున్నాడు. మా అత్తగారికి ఒళ్ళంతా తేళ్ళు, జెర్రులు. "అల్లుడుగారూ, తడికట్టె అట్లా అంటుకుంటుందా అండీ? చెప్పండి వాళ్ళకి." నేను చెప్పేలోపే చేతిసంచీలోంచి కర్పూరం డబ్బా తీసి, నాలుగు బిళ్ళలు సన్నపు పుల్లల కింద పెట్టి, అగ్గిపెట్టె లాక్కున్నంత పని చేసి వెలిగించింది. భగ్గుమంది. జనం చప్పట్లు కొట్టారు. ఆ పెద్దావిడ నెయ్యి గిన్నె తెచ్చి మా అత్తగారి చేతికే ఇచ్చింది, పొయ్యమని. వాళ్ళూ నిప్పులో నెయ్యో నూనో పోస్తారని నాకు అప్పుడే తెలిసింది. మా అత్తగారు మాత్రం అది లోకంలో అందరికీ తెలిసిన విషయమే అన్నట్టు పోసింది.

ఆ తర్వాత ఒకతను గ్లాసుతో ఏదో తీసుకుని దూరంగా పార్కు అంచుకి వెళ్ళి నేల మీద పోసి, వెనక్కి చూడకుండా వచ్చాడు. ఏమిటని అడిగితే, మేలు కోరని శక్తులకి కూడా వాటా ఇచ్చి, మా పనికి అడ్డు రావద్దని చెప్పడం అన్నారు. మా అత్తగారికి నేను అనువాదం చేస్తుంటే మధ్యలోనే ఆపేసి, "తెలిసిందిలెండి, జాతరలో పొలి చల్లినట్టు" అంది. తర్వాత పూర్వీకుల్ని, ప్రకృతిలో ఉండే ఆత్మల్ని, దేవతల్ని విడివిడిగా పిలిచారు. ఎవరికి తోచింది వాళ్ళు అర్పించారు. ఒక చిన్నపిల్ల తను గీసిన బొమ్మ వేసింది. ఒకాయన చనిపోయిన తండ్రి పేరు చెప్పి ఓట్స్ గింజలు చల్లి, మాట పెగలక వెనక్కి వెళ్ళిపోయాడు.

అన్నీ అయ్యాక గీతలు చెక్కిన చెక్కముక్కలు సంచీలోంచి తీసి, మా అర్పణ అందిందా అని చూశారు. అందిందట, కాకపోతే ఓపిక పట్టమని వచ్చిందట. ఓపిక పట్టొద్దు అని ఏ దేవుడూ ఎందుకు చెప్పడో! చివర్లో అందరికీ ఒకే పాత్రలోంచి తీర్థం. పార్కులో మద్యం కూడదన్నారు కాబట్టి ఆపిల్ రసం.

భోజనాల దగ్గర ఆ బస్సు నడిపే ఆవిడ పక్కన కూర్చున్నాను. వాళ్ళ బృందం ఎవరిదో ముందు గదిలో మొదలైంది. సంఖ్య పెరిగేది, తగ్గేది, ఒకసారి ఎవరో అలిగి సగం మందిని తీసుకుపోయారు. ఒక చలికాలం పండుగకి మంచు తుఫానులో ఇద్దరే వచ్చారట. మానేశారా అంటే, ఎందుకు మానేస్తాం, తలుపు తీసి ఉంచుతామని అన్నాం కదా అంది. ఆ ఒక్క మాటతో నాకు మొత్తం అర్థమైపోయింది. మతాలు పెరిగేది సిద్ధాంతాల వల్ల కాదు. కట్టెలు తెచ్చేవాడు, పార్కు పర్మిట్‌కి దరఖాస్తు పెట్టేవాడు, కుర్చీలు మడిచేవాడు ఉంటే పెరుగుతాయి. ఒక సంఘంలో ఉగాదికి నేను కుర్చీలు మడిచేవాణ్ణి. స్టేజీ ఎక్కి శాలువా కప్పించుకునేవాళ్ళు వేరే. ఎన్నికలప్పుడు ఓటుకి ఫోన్ చేసేవాళ్ళు కూడా వేరే. ఆ సంఘం పేరు చెప్పను కానీ, వాళ్ళకి తెలుసు.

ఇక 'కొత్తది కదా, పాతదనం ఏదీ' అనేవాళ్ళకి. మా మిన్నెసోటా హిందూ దేవాలయం సంస్థ 1979లో పుట్టింది. చాలాకాలం మినియాపోలిస్‌లో ఒక పాత చర్చి భవనంలోనే పూజలు జరిగాయి. మేపుల్ గ్రోవ్‌లో ఇప్పుడున్న పెద్ద గుడి 2006లో వచ్చింది. అంటే ఆ కార్ల్‌టన్ డ్రూయిడ్లు ఈ గడ్డ మీద మాకంటే సీనియర్లు. 'మా వేదాలు వేల ఏళ్ళవి' అంటారు, నిజమే. డ్రూయిడ్లకి ఆ అదృష్టం లేదు. వాళ్ళ పెద్దలు ఏదీ రాసిపెట్టలేదు, శిష్యులు ఇరవై ఏళ్ళు కూడా బట్టీ పట్టేవారని రోమన్ సేనాని సీజర్ రాసిన దాని వల్లే తెలుస్తోంది. ఆ గొలుసు తెగిపోయింది, కాబట్టి ఇప్పటివాళ్ళు కొత్తగానే అల్లుకోవాలి. నేను కలిసినవాళ్ళు ఈ మాట దాచలేదు. ఆ నిజాయితీ మన వాట్సాప్ గ్రూపుల్లో లేదు. 'డ్రూయిడ్లంటే మన ఋషులే, స్టోన్‌హెంజ్ మన యజ్ఞశాలే' అని మా బాబాయి ప్రతి జూన్ 21కీ పంపుతాడు. బాబాయ్, ఇంగ్లండులో ఆ పెద్ద రాళ్ళు నిలబెట్టింది క్రీస్తుపూర్వం 2500 ప్రాంతంలో. డ్రూయిడ్ల ప్రస్తావన దొరికేది ఆ తర్వాత రెండు వేల ఏళ్ళకి. చెబితే 'నువ్వు అమెరికా వెళ్ళి చెడిపోయావు' అంటాడు.

బ్రిటన్‌లో కూడా కథ ఇంచుమించు ఇదే. 1781లో లండన్‌లో ఒక పబ్బులో పెట్టిన డ్రూయిడ్ సంఘం స్నేహితుల క్లబ్బులాంటిది. తర్వాత 1908లో చర్చిల్ కూడా దాంట్లో చేరాడు. ఆయన చెట్లకి దండం పెట్టి ఉంటాడని నేననుకోను. భక్తి కోసం చేరేవాళ్ళు తర్వాత వచ్చారు. 1964లో రాస్ నికోల్స్ పెట్టిన సంస్థ ఆయన పోయాక చల్లబడితే, 1988లో ఫిలిప్ కార్-గామ్ పోస్టులో పాఠాలు పంపే పద్ధతి పెట్టి లేపాడు. 2010లో ఇంగ్లండు, వేల్స్ ఛారిటీ కమిషన్ డ్రూయిడ్ నెట్‌వర్క్‌ని మత సంస్థగా గుర్తించింది. మరుసటి ఏడు జనగణనలో అక్కడ డ్రూయిడ్లమని రాసుకున్నవాళ్ళు 4,189 మంది. మన ఊళ్ళో ఒక వార్డు ఓట్లంత ఉండరు. అయినా ప్రభుత్వం కాగితం మీద గుర్తిస్తేనే మతం అవుతుందా అని మీరడిగితే, అది ఇంకో ప్రశ్న, విడిగా పెట్టండి, దానికీ నా దగ్గర ఒక జవాబుంది.

మీరు అమెరికాలో ఉండి చూడాలనుకుంటే దగ్గర్లో గ్రోవ్ ఉందేమో వెతకండి, బహిరంగ పూజే కాబట్టి మెయిల్ పెట్టి వెళ్ళొచ్చు. మడత కుర్చీ, దోమల మందు తీసుకెళ్ళండి. తినడానికి ఏదో ఒకటి పట్టుకెళ్ళడం మర్యాద. మేం పులిహోర పట్టుకెళితే గిన్నె ఖాళీ అయింది. వేరుశెనగపప్పు వేస్తే మాత్రం, అది పడనివాళ్ళు (అలర్జీ) ఉంటారు కాబట్టి గిన్నె మీద చీటీ అంటించండి. ఏ దేవుణ్ణి కొలిచినా ఊరుకుంటారు కానీ, ఈ దేశంలో ఆ ఒక్కదానికీ ఊరుకోరు.