భద్రకాళి చెరువులో సన్యాసి పీత

బిడ్డా,

నీ కథ చదివాను. హన్మకొండ కాంపౌండ్‌లో గది మారేటప్పుడు ఆ తల్లి గ్యాస్ సిలిండర్‌ను వాకిట్లో పొర్లించుకుంటూ పోవడం బాగుంది. ఇక నాకు కోపం తెప్పించిన దాని గురించి మాట్లాడుకుందాం.

మూడో పేజీలో భద్రకాళి చెరువు గట్టు మీద ఒక సన్యాసి పీత నత్తను తరిమేసి దాని గుల్లలో దూరిందని రాశావు. అక్కడే కాగితాలు పక్కన పడేసి లేచిపోయాను. మన చెరువుల్లో నత్తలుంటాయి, ఒడ్డున బొరియల్లో ఎండ్రికాయలుంటాయి, సన్యాసి పీత ఎక్కడిది? అది చచ్చిన నత్తల గుల్లల్లో తలదాచుకునే సముద్రపు జీవి, ఇంగ్లీషులో హెర్మిట్ క్రాబ్ అంటారు. కొన్ని రకాలు తీరం పక్కన నేల మీద బతుకుతాయి గానీ, మంచినీళ్లలోనే బతికేదని తెలిసిన రకం ఒక్కటే, అదీ పసిఫిక్‌లోని వనువాటులో. సరే, చెరువును వదిలేద్దాం. నత్తను తరమడం ఏంది? గుల్ల నత్త ఒంటితో పాటే పెరుగుతుంది, ఖాళీ చేసి పొమ్మంటే పోయేది కాదు. నత్త చావాలి. చచ్చిన నత్త వాసన నీళ్లలో పాకితే సన్యాసి పీతలు అటు మళ్లుతాయి. మాంసం పోయాక మిగిలే గుల్ల మీదే వాటి ఆశంతా.

పైగా కథతో పాటు పంపిన ఉత్తరంలో "పీత ఇక్కడ ప్రతీక మాత్రమే సార్" అని ముందే జాగ్రత్త పడ్డావు. నాకు మండింది అక్కడే. ప్రతీక అంటే తెలుసుకునే కష్టం తప్పించుకోవడమా? ఈ రోగం నీతో మొదలైంది కాదులే. కొత్తవాడ జంపఖానాల నేతపనివాళ్ల మీద నేను మొదటి కథ రాసినప్పుడు, పని చూడడానికి ఒక ముసలాయన మగ్గం పక్కన రోజులకు రోజులు కూర్చున్నాను. చేతుల్లో డబ్బుల్లేవు, ఇంట్లో తిట్లు. ఒక వారపత్రిక ఎడిటర్ ఆ మగ్గం గురించిన రెండు పేరాలూ కోసేసి, చివర్లో సొంతంగా ఒక తెగిన దారం అంటించి అచ్చేశాడు. తెగిన దారమంటే ఆరిపోయిన ఆశ అట! మగ్గం మీద దారం తెగుతూనే ఉంటుంది, ముడేసి మళ్లీ నేస్తారు, ఎవరూ ఏడవరు. ఆ సంచిక వచ్చాక చాన్నాళ్లు నేను కొత్తవాడ వైపు పోలేదు. ఇప్పుడు పోటీలకొచ్చే కథల్లో కూడా ప్రతి దాంట్లో చివర ఒక కాకో, సీతాకోకచిలుకో ఎగురుతుంది. జడ్జీలకు అవే నచ్చుతాయి.

సన్యాసి పీతను నేను భీమిలి సముద్రం ఒడ్డున రాళ్ల మధ్య నిలిచిన నీళ్లలో ఒకసారి చూశాను. ముందు భాగం మామూలు పీతలాగే గట్టి పెంకుతో ఉంటుంది, వెనక పొట్ట మాత్రం మెత్తగా, మెలితిరిగి ఉంటుంది. దాన్ని దాచుకోవడానికే ఇంత తిప్పలు. ఖాళీ గుల్ల దొరకగానే కాళ్లతో పట్టుకుని దొర్లించింది, అంచంతా తడిమింది, కొండిని లోపలికి పెట్టి ఎంత లోతుందో చూసింది, ఇసుక బయటికి తోడింది. తర్వాత ఒక్క ఊపులో పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి! తోక చివరి కొక్కేలతో గుల్ల మధ్యలోని మెలికను పట్టుకుని లోపల ఇమిడిపోయింది. నమ్మకం కుదరలేదేమో, కాసేపటికి మళ్లీ పాతదాంట్లోకి దూకింది. ఇరుకు గుల్లయితే శత్రువు వచ్చినప్పుడు ఒళ్లంతా లోపలికి లాక్కోలేదు, ఎదుగుదలా తగ్గుతుంది. మరీ పెద్దదయితే మోయలేక అవస్థ పడుతుంది. అద్దె గది వెతికే నీ నాయికకు ఇంత టెన్షన్ ఎక్కడుంది చెప్పు?

తరమడమే కావాలంటే అది పీతకూ పీతకూ మధ్య జరుగుతుంది. ఒకటి తన గుల్లతో ఎదుటిదాని గుల్లను టకటకా బాదుతుంది, ఆగుతుంది, మళ్లీ బాదుతుంది. లోపలిది పట్టు వదిలితే బయటికి లాగేసి గుల్ల మార్చుకుంటుంది. ఓడింది ఒట్టి ఒంటితో నిలబడి, చివరికి గెలిచింది వదిలేసిన దాంట్లోకే పోతుంది. నీ కథలో గది వదలనని మొండికేసిన తాత ఉన్నాడే, ఆయనలాంటివీ ఉన్నాయి. బెల్‌ఫాస్ట్‌లో రాబర్ట్ ఎల్‌వుడ్ అనే ఆయన సన్యాసి పీతల గుల్లల్లోకి చిన్న కరెంటు షాక్ ఇచ్చి చూశాడు. అంతగా నచ్చని గుల్లలో ఉన్నవి ఎక్కువగా బయటికొచ్చేశాయి, నచ్చిన గుల్లలో ఉన్నవి షాక్ తగిలినా అంత తేలిగ్గా వదల్లేదు.

అసలు సంగతి ఇంకా ఉంది. ఇవాన్ చేజ్ అనే అమెరికా సోషియాలజిస్టు, మనుషులు ఇళ్లూ ఉద్యోగాలూ మారే తీరు మీద జరిగిన పరిశోధనలు తెలిసినవాడు, 1980లలో సన్యాసి పీతల మీద పడ్డాడు. ఒక పెద్ద ఖాళీ గుల్ల వేస్తే ఒక పీత అందులోకి మారుతుంది, అది వదిలిన గుల్లలోకి ఇంకొకటి, దాంట్లోకి మరొకటి, అట్లా వరస చివరి చిన్నదాని దాకా పోతుంది. నేల మీద బతికే రకాల్లోనైతే, తమకు సరిపోని పెద్ద గుల్ల దగ్గర సైజుల వారీగా లైను కట్టి, సరైన సైజుది వచ్చేదాకా ఎదురుచూస్తాయి. అది రాగానే చకచకా అన్నీ మారిపోతాయి. కాజీపేట రైల్వే క్వార్టర్లలో పెద్ద క్వార్టర్ ఖాళీ అయితే జరిగేది ఇదే కదా! చిన్నదాని అదృష్టం, అదెప్పుడూ చూడని ఎవరో పెద్దది కదలడంలో ఉంది. నీ కాంపౌండ్‌లో ఐదు గదులున్నాయి, ఐదు కుటుంబాలున్నాయి, కథంతా నీ చేతిలోనే పెట్టుకుని చెరువు గట్టుకు ఎందుకు పోయావు?

పీతను ఉంచుతావో తీసేస్తావో నీ ఇష్టం. ఉంచితే మాత్రం సముద్రం చూసిన మనిషిని ఒకరిని కథలోకి తెచ్చి, వాళ్ల నోటితో చెప్పించు. యాసలో రాయాలా వద్దా అనీ, పుస్తకం వేయడానికి ఎంతవుతుందనీ అడిగావు, అవి తర్వాత చూద్దాం. ముందు ఇది చెప్పు, మూల మీది పెద్ద గది ఖాళీ అయినప్పుడు అందులోకి ఎవరు పోయారు, వాళ్ల గదిలోకి ఎవరొచ్చారు? అది రాసి పంపు. ఫోన్‌లో కాదు, కాగితం మీద, నా కళ్లు ఆ స్క్రీన్‌ను తట్టుకోవడం లేదు.