మ్యూజిక్ డిపార్ట్‌మెంట్ ఎత్తేస్తామంటే ఏం చేయాలి?

బడ్జెట్ లేదు, స్ట్రెంత్ లేదు అని మీ కాలేజీలో మ్యూజిక్ తీసేసి ఆ హాల్‌ని కంప్యూటర్ ల్యాబ్ చేస్తామంటున్నారు, ఎలా ఆపాలి అని అడిగారు కదా. విజయనగరం జిల్లాలో నేను చదివిన డిగ్రీ కాలేజీలో అచ్చం ఇదే జరిగింది, పాత స్టూడెంట్స్‌మి కొంతమందిమి వదలకుండా వెంటపడితే హాల్ మిగిలింది, గెస్ట్ లెక్చరర్ కూడా వచ్చారు.

ముందు ఒకటి చూడండి. ఎత్తేస్తున్నాం అని ఆర్డర్ ఏదీ మొదట్లో రాదు. వీణ నేర్పే మేడం రిటైరవుతారు, ఆ పోస్టు నింపరు, గంటకింత అని ఎవరినో పెడతారు, ఆ డబ్బులు కూడా నెలల తరబడి రావు, వాళ్లు మానేస్తారు, చెప్పేవాళ్లే లేని సబ్జెక్టులో పిల్లలెందుకు చేరతారు, అప్పుడు అడ్మిషన్లు లేవు కాబట్టి తీసేస్తున్నాం అంటారు. అందుకని స్ట్రెంత్ మీద వాదించొద్దు, పోస్టు ఎప్పట్నించి ఖాళీ అని అడగండి. గవర్నమెంట్ కాలేజీ అయినా ఎయిడెడ్ అయినా 10 రూపాయల ఫీజుతో ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు) వేయండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. శాంక్షన్ అయిన పోస్టులెన్ని, ప్రతి ఏడూ ఎంతమంది అప్లై చేశారు, పిల్లల దగ్గర కల్చరల్ పేరు మీద ఎంత వసూలు చేశారు, అందులో ఎంత ఖర్చుపెట్టారు. ఈ చివరిది అస్సలు మర్చిపోకండి, మాకు బాగా పనికొచ్చింది అదే.

తర్వాత స్టాక్ రిజిస్టర్ చూడండి. మా దగ్గర వీణలన్నీ బీరువా మీద పడేసి ఉన్నాయి, పైన రేకుల వేడికి వీణ మెట్లని పట్టి ఉంచే మైనం మెత్తబడి అవి పక్కకి జారిపోయాయి, ఒకదాని బుర్ర పగిలింది, మొత్తం అన్నిటినీ కండెమ్ లిస్టులో, అంటే ఇక పనికిరావని, రాసేశారు. అలా రాసి కొత్తవి కొనకపోతే కాగితం మీద డిపార్ట్‌మెంటే ఉండదు, ఇక హాల్ ఎందుకు అంటారు. కానీ మళ్లీ మేళం కట్టిస్తే, అంటే మైనంతో మెట్లు సరిగ్గా నిలబెట్టిస్తే, అవి చక్కగా పలుకుతాయి, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో తరతరాలుగా వీణలు చేసేవాళ్లున్నారు, వాళ్లకి చూపించి రిపేరుకి ఎంతవుతుందో రాయించుకుని ప్రిన్సిపాల్ గారి టేబుల్ మీద పెట్టాం. ల్యాబ్ ఖర్చు పక్కన పెట్టి చూస్తే అదెంతండీ!

డబ్బు సంగతికొస్తే, 2013 కంపెనీల చట్టంలో సీఎస్‌ఆర్ (పెద్ద కంపెనీలు లాభాల్లో కొంత సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు) కింద ఖర్చుపెట్టదగ్గ వాటిలో కళలు, సంస్కృతి కూడా ఉన్నాయి, మీ చుట్టుపక్కల ఫ్యాక్టరీ ఉంటే లెటర్ పట్టుకుని వెళ్లండి. అయితే ఆ డబ్బు వాయిద్యాలకీ రిపేర్లకీ అడగండి గానీ జీతాలకి వద్దు, ఒకసారి జీతం బయటనుంచి వచ్చిందంటే ఇక ఆ పోస్టు గవర్నమెంట్ నింపదని నా గట్టి నమ్మకం.

మ్యూజిక్ డబ్బున్నవాళ్ల సరదా కదా అని మీటింగ్‌లో ఎవరో ఒకరు అంటారు. విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత కాలేజీకి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, అక్కడ చదువుకున్న ఘంటసాల గారు ఇంటింటికీ వెళ్లి మధుకరం ఎత్తుకుని తిన్నారు. ఫీజు కట్టి ప్రైవేటుగా నేర్చుకోగలిగిన పిల్లలకి మీ హాల్ పోయినా ఏం కాదు, మిగతావాళ్లకే అది కావాలి, ఆ మాట గట్టిగా చెప్పండి.

మీది ఎయిడెడా, పూర్తి ప్రైవేటా కామెంట్‌లో పెట్టండి. ప్రైవేటైతే ఆర్టీఐ నేరుగా కుదరదు, యూనివర్సిటీ అఫిలియేషన్ వైపు నుంచి వెళ్లాలి, అది విడిగా రాస్తా.