బాడీ ఫ్యాట్ సోమవారం 17 శాతం, గురువారం 14: ఏది నమ్మాలి?

మీరు చెన్నైలో ఇంజినీరింగ్ చదువుతూ 400 మీటర్లు పరిగెత్తుతున్నారు, బరువు 66 కిలోలు. జిమ్ మెషీన్ మూడు రోజుల తేడాలో రెండు అంకెలు చూపించింది. పైగా మీకన్నా కండ తక్కువ చూపించిన రూమ్మేట్ మీకన్నా ఎక్కువ బరువుతో స్క్వాట్ చేస్తున్నాడు. ఇదీ మీ సందేహం.

66 కిలోల మనిషికి 3 శాతమంటే దాదాపు 2 కిలోల కొవ్వు. మూడు రోజుల్లో అంత కరగదు. ఆ మెషీన్ అసలు కొవ్వును కొలవనే కొలవదు. ఒంట్లోకి సన్నటి కరెంటు పంపి, ఎంత అడ్డు తగిలిందో చూసి, దాన్నిబట్టి నీటిని, నీటినిబట్టి కండను అంచనా వేసి, మిగిలింది కొవ్వు అంటుంది. నీరు అటూఇటూ అయితే లెక్కంతా తలకిందులే. కత్తిరి (నడి వేసవి) ఎండల్లో, సముద్రపు గాలి తేమలో రెండు గంటలు ట్రాక్ మీద ఉంటే లీటరు పైనే చెమటగా పోతుంది. అలా ఎండిపోయి ఎక్కితే కొవ్వు ఎక్కువ చూపించవచ్చు. వర్కవుట్ దిగీదిగగానే, చర్మం ఇంకా వేడిగా ఉండగా ఎక్కితే తక్కువ చూపించవచ్చు. క్రియాటిన్ అనే సప్లిమెంట్ వాడితే కండల్లో చేరిన నీటిని కూడా కండ ఖాతాలోనే రాస్తుంది. ఆ మెషీనే వాడాలనుకుంటే పొద్దున్నే, యూరిన్‌కి వెళ్లొచ్చి, ఏమీ తినక ముందు, ముందురోజు సాయంత్రం గట్టి వర్కవుట్ లేనప్పుడు ఎక్కండి. నెలకోసారి చాలు.

నన్నడిగితే కాలిపర్ (చర్మపు మడత మందం కొలిచే పట్టుకారు లాంటి పరికరం), టేపు మేలు. కుడివైపే కొలవాలి. తొడ ముందు భాగంలో గజ్జ మడతకీ మోకాలిచిప్ప పైఅంచుకీ సరిగ్గా మధ్యలో పెన్నుతో గుర్తు పెట్టండి. బొటనవేలు, చూపుడువేలితో చర్మాన్ని, దాని కింది కొవ్వును మాత్రమే పట్టుకుని, వేళ్లకు ఒక సెంటీమీటరు అవతల కాలిపర్ పెట్టి, పూర్తిగా వదిలాక రెండు సెకన్లకు రీడింగ్ చూడాలి. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి: కండను కూడా కలిపి పట్టేస్తారు, లేదా అయిదారు సెకన్లు ఆగుతారు, కొవ్వు నొక్కుకుపోయి అంకె తగ్గిపోతుంది. రెండుసార్లు కొలిచి సగటు తీయండి. ప్రతిసారీ ఒకే మనిషి కొలవాలి. మిల్లీమీటర్లను శాతంలోకి మార్చకండి. అలా మార్చే సూత్రాల్లో బాగా వాడుకలో ఉన్న ఒకటి 1974లో స్కాట్లాండ్ జనాన్ని కొలిచి కట్టింది, మనకు సరిగ్గా సరిపోకపోవచ్చు.

ఇప్పుడు టేపు. అదే గుర్తు దగ్గర తొడ చుట్టుకొలత 54 సెంటీమీటర్లు, కాలిపర్‌తో కొలిచిన చర్మపు మడత 14 మిల్లీమీటర్లు అనుకుందాం. మడతను సెంటీమీటర్లలోకి మార్చి 3.14తో గుణించి, చుట్టుకొలతలోంచి తీసేయండి: 54 − 4.4 = 49.6. ఇది చర్మం కింది కొవ్వును తీసేశాక మిగిలే చుట్టుకొలత అంచనా. రెండు నెలల తర్వాత టేపు మళ్లీ 54 అనే చెప్పి, మడత 10కి దిగితే లెక్క 50.9 అవుతుంది, అంటే కొవ్వు తగ్గి కండ పెరిగినట్టు. టేపు కదల్లేదని దిగులుపడేవాళ్లు చూడాల్సింది ఈ తేడానే.

ఇక రూమ్మేట్ సంగతి. కండ ఎంతుందనేది వేరు, ఉన్న కండ ఎంత పని చేస్తుందనేది వేరు. కండ నాణ్యత అనేది ఈ రెండోదే. నరాలు ఎన్ని కండ పోగుల్ని ఒకేసారి పనిలోకి దించుతున్నాయి, పోగుల మధ్య కొవ్వు ఎంత పేరుకుంది, ఇవన్నీ అందులోకి వస్తాయి. కొత్తగా బరువులెత్తేవాళ్లకు మొదటి వారాల్లో పెరిగే బలం ఎక్కువగా నరాల చలవే. (అతను స్క్వాట్‌లో పూర్తిగా కిందికి దిగుతున్నాడా అన్నది కూడా ఒకసారి చూడండి.) మీ వరకు, సరైన లోతుతో 5 సార్లు ఎత్తగల బరువును మీ శరీర బరువుతో భాగించి రాసుకోండి. పక్కనే నిలబడి దూకే లాంగ్ జంప్ దూరం కూడా. ఆరేసి వారాలకోసారి చాలు.

తిండి దగ్గర, కిలోకు 1.6 గ్రాముల చొప్పున మీకు రోజుకు సుమారు 105 గ్రాముల ప్రోటీన్ కావాలి. నాలుగు గుడ్లు 24, పొడి సోయా చంక్స్ 50 గ్రాములు 26, పావు లీటరు పాలు 8, రెండొందల గ్రాముల పెరుగు 7. అంటే 65. మిగతాది అన్నం, ఇడ్లీ, పప్పు, చికెన్ నుంచి రావాలి. మెస్ సాంబారును పప్పు లెక్కలో వేయకండి, ఆ గరిటెలో నీళ్లే ఎక్కువ. కొవ్వు తగ్గించాలనుకున్నా వారానికి 400 గ్రాములు మించకూడదు. బరువు దిగుతూ, స్క్వాట్ అంకె, జంప్ కూడా పడిపోతున్నాయంటే పోతున్నది కండ కావచ్చు, లేదా ఒంట్లో ఇంధనమే చాలడం లేదు. ముందు తిండి పెంచండి. టీమ్‌లో అమ్మాయిలకు మూడు నెలలు నెలసరి రాకపోతే మాత్రం కొలతలు పక్కనపెట్టి స్పోర్ట్స్ డాక్టర్ దగ్గరికి పంపండి.